నీలం వస్తేనే పళ్ల కుర్చీ

మా నాయన ముందు పళ్ల మీద ధర్మవరం పట్టుచీరల రంగులన్నీ ఉండేవి. మాటవరసకు చెప్పడం లేదు. ఆయనది పట్టునూలుకు రంగులద్దే పని. ఇంటి వెనక రేకుల కొట్టంలో రాగి బానలు, వాటి కింద కట్టెల పొయ్యిలు, పొద్దున లేస్తే ఆవిరి. మరిగే రంగునీళ్లలో నూలు చిలపలు, అంటే చుట్టిన పోగుల కట్టలు, ముంచి కర్రతో తిప్పే మనిషికి మోచేతుల దాకా రంగే ఉంటుంది. చిలప చెదరకుండా కట్టిన దారపు ముడిని ఆ చేతులతో ముట్టుకుంటే మరకలు పడతాయి గనక నాయన పళ్లతో విప్పేవాడు. మీసం మొలవకముందు నుంచీ అదే పద్ధతి. విప్పీ విప్పీ ఒక పన్ను వంకాయ రంగుకు తిరిగింది, దాని పక్కది చిలకపచ్చ అయింది. ఆయన నవ్వితే కొత్తవాళ్లు జడుసుకునేవాళ్లు. మాకు అలవాటైపోయింది.

ఆ పళ్లంటే ఆయనకు ప్రాణం. కత్తెరతో కోసుకోవచ్చు కదా అని ఒకసారి అన్నాను. నా చదువంతా దండగైపోయినట్టు చూశాడు.

"కత్తెరకు కండ్లుంటాయా పాపా? మొన తగిల్తే పోగు తెగుతాది. పంటికైతే తెలుస్తాది, ఇది ముడి, ఇది పోగు అని. ఈ పండ్లు పోయిన్నాడు నేను కొట్టానికి తాళం వేసుకోవల్ల."

తొంభైల మధ్యలో ఆయనకు షుగరు వచ్చింది. అందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. మా వీధిలో పేరున్న పెద్దమనుషులందరికీ అప్పటికే ఉండేది, ఆ వరసలో తనకూ ఒక కుర్చీ దొరికిందనుకున్నాడు. కింది ముందు పళ్లు ఊగడం మొదలయ్యాకే ఆయనకు నిద్ర పట్టలేదు. పొద్దున లేచి అద్దం ముందు నిలబడి, ఒక్కొక్క పన్నునూ వేలితో కదిపి చూసి, "నిన్నటికంటే ఎక్కువ ఊగుతాండాది" అని ఇంటిల్లిపాదికీ వినబడేటట్టు చెప్పేవాడు. దాంతో మా ఇంట్లో పొద్దు మొదలయ్యేది. అమ్మ ఆయనకు ఉప్పునీళ్లు కాచిపెట్టేది, పసుపు నూరి ఇచ్చేది, లవంగం దంచి ఇచ్చేది. నేను అప్పుడు ఊళ్లోనే ఒక ప్రైవేటు బళ్లో సైన్సు టీచరును. కోపం నాకు పుట్టుకతోనే ఉంది, ఆ ఉద్యోగంలో ముదిరింది.

నేనే ఆయన్ను ధర్మవరంలో కొత్తగా వచ్చిన కుర్ర పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. కాలితో తొక్కితే పైకి లేచే కుర్చీ చూసి నాయన మురిసిపోయాడు. నోరు తెరిచాడు. డాక్టరు లైటు వేసి లోపలికి చూసి, వెనక్కి జరిగి, మళ్లీ చూశాడు.

"పొద్దున ఏం తిన్నారు?"

"ఉప్పిండి సార్."

"ఉప్పిండి ఈ రంగుంటుందా?"

నేను సంగతి చెప్పాను. డాక్టరు చిన్న కొక్కెంతో కింది పళ్ల వెనక పేరుకుపోయిన గారను కొంచెం గీకితే, ఒక పెచ్చు ఊడి పళ్లెంలో పడింది. చారలు చారలుగా ఉంది. నాయన కుర్చీలోంచి లేచి, ఆ పెచ్చును తీసుకొని, కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూశాడు.

"పైన మెంతి రంగు సార్, ఇది మొన్నటి సీజనుది. కిందుండేది ముదురు కనకాంబరం. మా చెల్లెలి పెండ్లప్పుడు ఊరంతా ఇదే అడిగినారు. చూడు పాపా, ఇంగా మాసిపోలేదు!"

డాక్టరుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన్ను మళ్లీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. షుగరు ఎక్కువుంటే చిగుళ్లు తొందరగా చెడతాయి, చిగురు వాచి పంటి నుంచి విడిపోయి సందులో చీము చేరుతుంది, కింద ఎముక కరిగి పన్ను ఊగుతుంది. ఈ గార తీసి, చిగుళ్ల లోపల కూడా శుభ్రం చేస్తే ఈ పళ్లను నిలబెట్టవచ్చు.

నాయనకు అది ఎక్కలేదు. "గార తీస్తే పండ్లు పడిపోవా సార్? గోడకు సిమెంటు మాదిరి ఇదే కదా పట్టుకోనుండేది?"

"సిమెంటు కాదయ్యా, అది చెదలు."

చెదలు అనేసరికి నాయన దారికొచ్చాడు. తీసేయండి సార్ అన్నాడు. డాక్టరు అప్పుడు తల అడ్డంగా ఊపాడు. ఇంత షుగరు మీద చిగుళ్లు కోస్తే పుండు మానదట, చీము పడుతుందట. ముందు షుగరు డాక్టరు దగ్గర మూత్రపరీక్షలో నీలం రంగు తెచ్చుకోవాలి. "నీలం వచ్చిన రోజు కుర్చీ ఎక్కండి" అన్నాడు.

షుగరు డాక్టరు హిందూపురంలో ఉండేవాడు. నాయన పట్టు కొనడానికి ఎలాగూ అక్కడికి పోయేవాడు గనక ఆయనకు చూపించుకునేవాడు. సూది చూస్తే నాయనకు కళ్లు తిరిగి పడిపోయే గుణం ఉంది. ఒకసారి రక్తం తీయబోతే కాంపౌండరు మీదే పడ్డాడు. అప్పటి నుంచి ఆ డాక్టరు ఈయనకు మూత్రపరీక్షతోనే సరిపెట్టేవాడు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఇంటి నుంచి తెచ్చిన సీసాలోంచి కొన్ని చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచేవాళ్లు. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉన్నకొద్దీ పచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు.

రంగుల మనిషికి రంగుల పరీక్ష పెట్టారు, ఇంకేముంది!

"ఇటుక రంగొచ్చింది, ఏం తిన్నావప్పా?" అని డాక్టరు కేక వేశాడు.

"ఇది ఇటుక కాదు సార్" అన్నాడు నాయన, గొట్టాన్ని కిటికీ వైపు తిప్పుతూ. "కనకాంబరం. ఇటుకలో నలుపు కలుస్తాది. దీంట్లో యాడుండాది నలుపు?"

"నీ కనకాంబరం నీ చీరలకు చెప్పుకో! తినేది కుదించు."

ఆ పెద్ద డాక్టరే నాయన నోరు కూడా తెరిపించి చూశాడు. చూసి ఇంకా మండిపడ్డాడు. "నోటినిండా చీము పెట్టుకోని షుగరు దిగమంటే యాడ దిగుతాది? చిగుళ్లు బాగయ్యేదాకా నా మందు కూడా పనిచెయ్యదు. పో, ముందు పండ్లు బాగుచేయించుకోని రా."

ధర్మవరం వచ్చాం. నీలమేదీ అన్నాడు పళ్ల డాక్టరు. హిందూపురం పోయాం. పళ్లు బాగుచేయించావా అన్నాడు షుగరు డాక్టరు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. సామెత అనుకున్నాను ఇన్నాళ్లూ, అది మా నాయన కేసు అని అప్పుడు తెలిసింది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోండి మహాప్రభో అని ఎస్టీడీ బూతు నుంచి ఇద్దరికీ ఫోను చేశాను. ఆయననే నాకు చేయమనండి అని ఇద్దరూ అన్నారు.

మధ్యలో పెనుకొండ ఒకటి. ప్యాసింజరు అక్కడ ఆగగానే నాయన దిగేవాడు. కోట గోడ దగ్గర ఒకామె పంటి పురుగులు తీస్తుందని ఎవరో చెప్పారట. ఆమె వాకుడు విత్తనాలు నిప్పుల మీద వేసి, ఆ పొగ నోటికి పట్టించి, నీళ్ల గిన్నెలో సన్నటి తెల్లటివి చూపించింది. "ఎంత బలిసినాయో చూడు, నా పండ్లు తిని తిని" అన్నాడు నాయన తృప్తిగా. అవి విత్తనం లోపలి మొలకలు నాయనా, నా ఆరో తరగతి పిల్లలనడిగినా చెబుతారు అన్నాను. "నీ పిల్లలకేమి పండ్లు ఊగుతాండాయా?" అన్నాడు.

పురుగులు పోయాయన్న సంతోషానికి స్టేషను బయటి హోటల్లో ఉగ్గాని, బజ్జీ, పైన వేడి జిలేబీ. అదీ ఆయన షుగరు వైద్యం. పరీక్షకు ముందు నాలుగు పూటలు సంకటి, ఆకుకూర, పొద్దున్నే నడక. పరీక్ష అయిపోగానే పెనుకొండ జిలేబీ. నేను ప్లేటు లాక్కోబోతే చేయి అడ్డం పెట్టాడు.

"పరీక్ష రాసినాక పుస్తకం ఎవరు చదువుతారు పాపా? మీ బళ్లో చదువుతారా?"

ఒళ్లు మండి నేనూ ఒక జిలేబీ తిన్నాను.

ఇట్లా తిరుగుతూ ఉండగానే ఏడాది గడిచిపోయింది. కింది పళ్లు నాలుగూ గాలికి ఊగే స్థితికి వచ్చాయి. ముడి విప్పబోతే నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒకనాడు చిలప మీద రక్తం పడి, మామిడిపండు రంగు నూలు కట్టంతా మళ్లీ అద్దాల్సి వచ్చింది. నాయన బాన పక్కన కూలబడిపోయాడు. పళ్ల డాక్టరు కూడా ఇక ఆగడం కుదరదన్నాడు. ఈసారి నీలం వస్తే నిలబెట్టడానికి చూస్తాను, రాకపోతే నాలుగూ పీకడమే.

హిందూపురం పోవాల్సిన పొద్దున బాత్రూం దగ్గర గుసగుసలు వినబడి లేచాను.

"ఏం మనిషివయ్యా నువ్వు! అడిగేదానికి ఇంకేమీ దొరకలేదా?" అమ్మ గొంతు.

"గమ్మునుండే, పాప వింటాది. రోంత పోస్తే నీ సొమ్మేం పోతాది?"

"ప్రసాదానికి చాపినట్ల చాపుతాడు చూడు సీసా! సిగ్గు లేకపోతే సరి!"

"నా పండ్లు నిలబడల్లనా, వద్దా? నీకేం రోగముండాది? నీదైతే నీలమే. ఒక్కసారి నీలం చూస్తే ఆ పిల్ల డాక్టరు కుర్చీ ఎక్కిస్తాడు. తర్వాత నేను షుగరు దించుకుంటా, నీ మీద ఒట్టు."

తర్వాత అమ్మ టానిక్కు సీసాను గుడ్డసంచిలో చుట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "పగలగొట్టుకుంటివో, మళ్ల నన్ను అడగద్దు" అంది. ముఖం కోపంగా పెట్టుకుంది గానీ, పైటచెంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వుతోంది. అమ్మ ఎప్పుడూ అట్లాగే నవ్వేది.

రైలెక్కాక నేను ఊరుకోలేదు. "డాక్టర్ను మోసం చేస్తే పుండు పడేది డాక్టరుకు కాదు నాయనా, నీకే."

"మోసమేముండాది దీంట్లో? అర్ధాంగి అంటే ఏమి? నాలో సగం. సగం నాదే కదా ఆ సీసాలో."

పక్కనున్న ఆవిడ సీసాలో ఏముందని అడిగింది. నాయన గంభీరంగా తీర్థం అన్నాడు. ఆవిడ చేయి చాపేలోపు సంచి లాక్కొని నా ఒళ్లో పెట్టుకున్నాను.

హిందూపురంలో మా వంతు వచ్చింది. నాయన గొట్టాల బల్ల దగ్గరే నిలబడ్డాడు, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా జుట్టు దువ్వుకొని. కాంపౌండరు చుక్కలు వేసి దీపం మీద పెట్టాడు. నీలం కదిలింది. పచ్చకు తిరిగింది. నాయన దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. పచ్చ ఎంతోసేపు ఆగలేదు, పసుపును దాటి, నారింజను దాటి, గొట్టం అడుగున చిక్కగా పేరుకుంది. ఇటుక రంగు. ఈసారి నాయన రంగు పేరు దిద్దలేదు.

డాక్టరు లేచి వచ్చి గొట్టం చూసి రంకెలేశాడు. "ఏం తిన్నావురా నాయనా! బెల్లం మండీలో పండుకుంటివా? ఇంత చక్కెర పెట్టుకోని మనిషివి ఎట్ల నిలబడినావు?"

నాయన గొట్టం వైపే చూస్తూ, "సార్, ఇది నాది కాదు సార్" అన్నాడు.

"అందరూ అదే చెప్తారు."

"దేవుని తోడు సార్, నాది కాదు."

"ఇంటి నుంచి తెచ్చింది నువ్వు. సీసా నీది. నీది కాకుంటే ఎవరిది, రైలుదా?"

బెంచీ మీద కూర్చున్న రోగుల్లో ఒక పెద్దాయన లేచి వచ్చి నాయన భుజం తట్టాడు. "నేనూ మొదట్లో నాది కాదనేటోణ్ణప్పా. ఒప్పుకో. ఒప్పుకుంటే మనసు తేలికైతాది." బెంచీ మొత్తం అవునవునంది. నాది కాదు, నాది కాదని నాయన ఎంత మొత్తుకుంటే వాళ్లంతా అంత జాలిగా చూశారు. నమ్మించాలంటే మార్గం ఒకటే మిగిలింది. కాంపౌండరు ఖాళీ సీసా ఇచ్చి గది చూపించాడు. నాయన పోయి తన సొంతం తెచ్చాడు. కాచారు. పసుపు దగ్గర ఆగిపోయింది.

డాక్టరు రెండు గొట్టాలనూ పక్కపక్కన పెట్టాడు. "ఇది నీది. సరే. మరి ఇది?"

"నా పెండ్లాముది సార్."

డాక్టరు అరుపు అక్కడితో ఆగింది. కుర్చీలో కూర్చొని మెల్లగా అడిగాడు. ఆమె నీళ్లు ఎక్కువ తాగుతాదా? ఊరికే అలిసిపోతాదా? చిక్కిపోయిందా? నాయన ప్రతిదానికీ నా వైపు చూశాడు. నేను అవును, అవును, అవును అంటూ పోయాను. చెంబెడు నీళ్లు నిలబడి ఒక్క గుక్కలో తాగుతుంది, పొయ్యి దగ్గర పని గనక దాహమనుకున్నాం. జాకెట్లన్నీ వదులయ్యాయి, వయసు మీదపడింది అనుకున్నాం. బాత్రూంలో చీమలు పడితే నాయన షుగరుకే అనుకొని నవ్వుకున్నాం. చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. రేపే పిలుచుకురండి, ఆమె నోరు కూడా చూపించండి అన్నాడు డాక్టరు.

తిరుగు రైల్లో పెనుకొండ వచ్చింది, పోయింది. నాయన కదల్లేదు. చాలాసేపటికి, "నాదానికంటే ముదురు పాపా" అన్నాడు. అని తుండుగుడ్డలో ముఖం పెట్టుకొని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఎదురుచూస్తోంది. ముఖం వెలిగిపోతోంది. "నీలమే కదా? నేను చెప్పలే? ఇంగ పో, మీ పండ్లాయన దగ్గరికి పో" అంది.

నాయన చెప్పులు కూడా విడవలేదు. "నోరు తెరువు" అన్నాడు.

"ఏం పట్టింది ఈ మనిషికి?"

"తెరవవే."

అమ్మ నన్ను చూసి, ఆయన్ను చూసి, వెలుగులోకి వచ్చి నోరు తెరిచింది. నాయన రంగు పట్టిన వేళ్లతో ఆమె పెదవి పక్కకు జరిపాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ నోట్లోకి ఆయన ఎన్నడూ చూసి ఉండడు. నేనూ చూడలేదు. దవడ పళ్లు రెండువైపులా లేవు. ఉన్నవాటి చుట్టూ చిగుళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. అన్నం వద్దు, సంకటే ఇష్టం, సంకటి ఊరికే జారిపోతుంది అనేది కొన్నాళ్లుగా. ఇష్టమనే నమ్మాం. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు, ఆ ఇంటి మీద, ఆ పొయ్యి మీద, పొద్దున్నే అద్దం ముందు ఊగిన ఆ నాలుగు పళ్ల మీద.

మరుసటి రోజు హిందూపురంలో అమ్మకు మాత్రలు రాశారు. అక్కణ్నుంచి నేరుగా ధర్మవరం పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చాం. నాయన తన వంతు వచ్చినా లేవలేదు. "ముందు ఈమెకు చూడండి సార్" అన్నాడు.

"మీకు నీలం వచ్చిందా?"

"ఇద్దరికీ రాలేదు సార్."

డాక్టరు ఏదో అనబోయాడు. నేను అననివ్వలేదు. "సార్, ఇంకొక్కసారి నీలం అన్నారంటే, ఆ హిందూపురం డాక్టర్ను తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టి మీ ఇద్దరి నోళ్లూ నేనే తెరిపిస్తా" అన్నాను. బయట కూర్చున్నవాళ్లు తొంగిచూశారు. ఆ పిల్ల డాక్టరు మంచివాడు, కోపం తెచ్చుకోలేదు. పైపైన శుభ్రం చేయడానికి నీలం దాకా ఆగనక్కర్లేదని, చీముకు మాత్రలు ఇచ్చి ఈరోజే మొదలుపెట్టొచ్చని, చిగుళ్లు కోసి లోపల చేసేది మాత్రం షుగరు దిగాక చేస్తానని అన్నాడు. ఇంతకాలమూ ఈ మాట ఎక్కడ దాచుకున్నావయ్యా అని అడగబోయి, అమ్మ ముఖం చూసి నోరు మూసుకున్నాను.

అమ్మ కుర్చీ ఎక్కింది. కుర్చీ లేస్తుంటే భయపడి నాయన చేయి పట్టుకుంది. డాక్టరు అద్దం పెట్టి, ఒక్కొక్క పన్నూ తడిమి, చాలాసేపు చూశాడు. ముందువాటిలో కొన్నింటిని కాపాడవచ్చు, వెనకవాటి మీద ఆశ లేదన్నాడు. తర్వాత అద్దం తీసి అడిగాడు.

"చిగుళ్ల నుంచి రక్తం ఎప్పటి నుంచి వస్తోందమ్మా?"

అమ్మ నాయన వైపు చూసింది. "ఈయనవి ఊగకముందు నించే సార్."

"మరి ఇంట్లో ఎవరికీ చెప్పలేదే?"

"ఈయన పండ్లతోనే ఇంటికి పొద్దు చాలకుండె సార్" అంది అమ్మ. "ఇంగ నావి యాడ చెప్పేది?"